పిస్తోలులో స్ప్రింగు అలసినపుడు

పూర్వము మన యిండ్లలో గోడగడియారమునకు వారమునకొకమారు కీ యిచ్చుట యింటిపెద్ద చేయు పనులలో ఒకటిగా ఉండెడిది. కీ త్రిప్పినకొలది లోపలి స్ప్రింగు బిగిసికొనును. పిమ్మట వారము పొడుగునను మెల్లగా విప్పుకొనుచు ముండ్లను నడపును. కొన్నేండ్లకు ఆ గడియారము అయిదవనాటికే ఆగిపోవ నారంభించును. ఇంటివారు లోలకమును కదిపి చూతురు, దుమ్ము తుడుతురు, నూనె వేయుదురు, మేకు వంగినదేమోనని కూడ అనుమానింతురు. స్ప్రింగు అలసిపోయినదన్న మాట మాత్రము చిట్టచివరకుగాని తోచదు. ఏలయన, స్ప్రింగు విరుగలేదు. చూపునకు ఎప్పటివలెనే యున్నది. దానిలో తగ్గినది ఆకారము కాదు, బలము.

గడియారములో స్ప్రింగు అలసినచో మనకు పోవునది కొంత కాలము. పిస్తోలులో అలసినచో పోవునది అంతకంటె విలువైనది కావచ్చును. ఈ రెండవ స్ప్రింగును గురించియే నేటి ప్రసంగము.

పిస్తోలుతో మాకేమి పని యని కొందరు శ్రోతలు అనవచ్చును. సూళ్లూరుపేటలో నివసించువారికి ఆ మాట అంత సులభముగా నోట రాదు. ఊరు దాటి తూర్పుగా పులికాటు సరస్సు మీది బాటను పోయినచో శ్రీహరికోట వచ్చును. అచ్చటి సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రమునకు కావలి కాయునది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము. ఆయుధము చేపట్టి కొలువు చేయుట వారి నిత్యకృత్యము. సైన్యమున పనిచేసి యిల్లు చేరినవారును, ఆత్మరక్షణకై లైసెన్సు పొందినవారును మన జిల్లాలలో అచ్చటచ్చట కలరు. పిస్తోలు పేల్చుటను క్రీడగా అభ్యసించు యువతీయువకులును నానాటికి హెచ్చుచున్నారు. హైదరాబాదు యువతి ఈషా సింగ్ 2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీయందు జట్టుతో కలసి స్వర్ణమును, ఒంటరిగా రజతమును గెలిచిన సంగతి మనకు తెలిసినదే. ఆయుధము పట్టువా రొక్కరే యైనను, అది పాడైనచో కలుగు కష్టము ఇంటిల్లిపాదిదియు. కావున ఈ విషయమును ఇంటిలోని పెద్దలెల్లరును కొంత యెరిగియుండుట మంచిది.

మొదట ఆ స్ప్రింగు చేయు పని యేమో చూతము. రివాల్వరులో తూటాల చక్రమును త్రిప్పునది మన వ్రేలి బలము. అర్ధస్వయంచాలక పిస్తోలులో అట్లు కాదు. పేలిన తూటా బలమే తరువాతి తూటాను సిద్ధపరచును. పిస్తోలు పైభాగమున ముందు వెనుకలకు జరుగు ఉక్కు తొడుగు కలదు. దానిని స్లైడు అందురు. గుండు గొట్టము వెంట ముందునకు దూసికొనిపోవుచుండగా దాని ఎదురుదెబ్బ స్లైడును వెనుకకు నెట్టును. స్లైడు వెనుకకు పోవుచు ఖాళీ తొడుగును లాగి వెలికి విసరును. అదే సమయమున ఒక పొడవైన స్ప్రింగును నొక్కివేయును. నొక్కబడిన స్ప్రింగు తిరిగి సాగుచు స్లైడును ముందునకు త్రోయును. స్లైడు ముందునకు వచ్చుచు మాగజీనులోని పై తూటాను ఊడ్చికొనిపోయి గొట్టపు గదిలో దూర్చి, తలుపు మూసినట్లు గదిని మూయును. ఇది యంతయు రెప్పపాటు కాలమైనను పట్టదు. ఈ స్ప్రింగునకే రికాయిల్ స్ప్రింగని పేరు. ఎదురుదెబ్బ స్ప్రింగని మనము చెప్పుకొనవచ్చును.

ఇందు గమనింపదగిన దేమనగా, ఒకే స్ప్రింగు రెండు కొలువులు చేయుచున్నది. స్లైడు వెనుకకు పోవునపుడు అది పగ్గము; ముందునకు వచ్చునపుడు అది చెర్నాకోల. హోటళ్ల వాకిట స్ప్రింగు బిగించిన తలుపులను మీరు చూచియే యుందురు. నెట్టినపుడు ఆ తలుపు కొంత ఎదురించును. విడిచినపుడు తనంతట తానే మూసికొనును. ఆ స్ప్రింగు వదులైనచో రెండు చిక్కులు కలుగును. నెట్టినంతనే తలుపు పోయి గోడకు కొట్టుకొనును. తిరిగి వచ్చునపుడు పూర్తిగా మూసికొనక బెత్తెడు సందు మిగులును. అలసిన పిస్తోలు స్ప్రింగు గుర్తులన్నియు ఈ రెండింటిలో నుండి పుట్టినవే. ఈ తలుపును మనసునం దుంచుకొన్నచో తక్కిన సంగతులు తేలికగా బోధపడును.

స్లైడును, ఎదురుదెబ్బ స్ప్రింగును జతపరచిన పిస్తోలులకు ఒరవడి పెట్టినవారిలో అమెరికా దేశీయుడు జాన్ బ్రౌనింగు ముఖ్యుడు. ఆయన రూపకల్పన చేయగా బెల్జియములో తయారైన 1900 నమూనా పిస్తోలు .32 అంగుళముల తూటాను పేల్చెడిది. 1911లో అమెరికా సైన్యము చేపట్టిన .45 పిస్తోలును ఆయన సృష్టియే. 1926లో ఆయన మరణించిన పిదప పూర్తియై 1935లో వెలువడిన హై-పవర్ పిస్తోలు ననుసరించి మన దేశమున ఇచ్ఛాపూరు రైఫిలు కర్మాగారము 9 మిల్లీమీటర్ల పిస్తోలును తయారుచేసినది. అది సైన్యమునకును, రక్షక దళములకును చెందినది. పౌరులకు 9 మిల్లీమీటర్ల పిస్తోలు నిషిద్ధము. లైసెన్సు పొందిన పౌరుల చేతికి వచ్చునది సాధారణముగా .32 పిస్తోలు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారములలో తయారైన ‘అశని’ ఆ జాతిదే. ఇట్టి చిన్న పిస్తోలులలో గొట్టమును స్లైడును బంధించు గడియ యుండదు. పేలిన క్షణమున గదిని మూసియుంచునవి స్లైడు బరువును, స్ప్రింగు బలమును మాత్రమే. కావున వీనిలో స్ప్రింగు మేలుగా ఉండుట మరింత అవసరము.

ఉక్కుతో చేసిన స్ప్రింగు అలయుట యెట్లు? స్ప్రింగును నొక్కినకొలది దాని ఎదురుబలము అదే పాళ్లలో పెరుగునని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. కాని దీనికొక హద్దు కలదు. హద్దునకు సమీపముగా మరల మరల నొక్కినచో స్ప్రింగు తన మొదటి పొడవునకు పూర్తిగా తిరిగిరాక కొంచెము కుదించుకొనిపోవును. ఇది యొక విధము. రెండవ విధము లోహపు అలసట. పందొమ్మిదవ శతాబ్దమున జర్మను ఇంజనీరు ఆగస్టు వోలర్ రైలుబండి ఇరుసులను పరీక్షించి, ఒక్కమారు మోపిన విరుగని బరువు లక్షలమార్లు మోపగా ఇరుసును విరుచునని నిరూపించెను. మొదట కంటికానని పగులు పుట్టును. ప్రతి కుదుపునకు అది వెండ్రుకవాసి పెరుగును. కడపట ఒకనాడు తటాలున విరుగును. స్ప్రింగునకును ఇదియే గతి.

మన పొరుగున శ్రీహరికోటనుండి ఎగయు రాకెట్లలో కూడ స్ప్రింగులు కలవు. కక్ష్య చేరిన పిదప ఉపగ్రహమును రాకెట్టునుండి మెల్లగా దూరము త్రోయుటకు నొక్కిపెట్టిన స్ప్రింగులను వాడుదురు. అంతరిక్షమున వాని పని ఒక్కమారే. దానితో వాని జన్మ చరితార్థము. పిస్తోలు స్ప్రింగు బ్రతుకు అట్టిది కాదు. ప్రతి తూటాకు ఒకమారు నలిగి, ఒకమారు సాగవలెను. కావుననే దాని ఆయుష్షును ఏండ్లతో గాక తూటాల సంఖ్యతో కొలుతురు. ఇన్ని తూటాలకని అన్ని పిస్తోలులకు ఒకే లెక్క లేదు. 1911 నమూనా .45 పిస్తోలునకు రెండు మూడు వేల తూటాలకొకమారు స్ప్రింగును మార్చు ఆనవాయితీ పలువురు ఆర్మరర్లలో కలదు. ఒకదానిలో నొకటి యిమిడిన రెండు స్ప్రింగులు గల కొన్ని నూతన పిస్తోలులలో అవి అయిదు వేలు దాటినను నిలుచును. జేబులో ఇముడు పొట్టి పిస్తోలులలో స్ప్రింగు చిన్నది, నలుగుట హెచ్చు. అది ముందుగా అలయును. తయారీదారు చేపుస్తకమున వ్రాసిన సంఖ్యయే ప్రమాణము.

ఇక గుర్తులు. మొదటి దానిని ఖాళీ తొడుగులు చెప్పును. నిన్నటివరకు పేల్చువాని ప్రక్కన నాలుగైదు అడుగుల దూరమున పడుచుండిన తొడుగులు అదే రకము తూటాలతో ఎనిమిది పది అడుగులు ఎగిరిపడుచున్నచో, స్లైడు మునుపటికంటె వేగముగా వెనుకకు పోవుచున్నదని అర్థము. రెండవ దానిని చేయి చెప్పును. దెబ్బ మునుపటికంటె కటువుగా తగులును. లోహము లోహమును కొట్టిన చప్పుడు వినవచ్చును. స్లైడు ఆగు చోట చట్రము మీద క్రొత్తగా మెరయు నొక్కులు కనబడును. ఇవి తలుపు గోడకు కొట్టుకొను లక్షణములు.

మూడవది, స్లైడు ముందునకు వచ్చి పూర్తిగా మూసికొనక వెండ్రుకవాసి సందు మిగులుట. ఇట్లు సందున్నపుడు పేలకుండుటకు మంచి పిస్తోలులలో ఏర్పాటు కలదు. అది ప్రాణరక్షకమైన యేర్పాటే. కాని కావలి కాయు జవానునకు అవసర సమయమున మీట నొక్కిన పిస్తోలు పలుకదు. క్రీడాకారిణికి నష్టము మరియొక రీతిది. 25 మీటర్ల పోటీ రెండవ భాగమున లక్ష్యము మూడు సెకనులు మాత్రమే ఎదుట నుండును. ఆ మూడు సెకనులలో ఒక గుండు పేల్చవలెను. స్లైడు సందు విడిచినచో ఏండ్ల సాధన ఆ క్షణమున చేతిలో నిలిచిపోవును. చాలమంది ఈ సందును బొటనవ్రేలితో నెట్టి సరిపెట్టుకొందురు. అది చికిత్స కాదు, రోగమును దాచుట.

నాలుగవది, స్లైడు వచ్చి మూసికొనినను గదిలో తూటా లేకుండుట. వెనుకకు పోయిన స్లైడు చట్రమును కొట్టుకొని అతివేగముగా మరలి వచ్చుటచే, మాగజీను స్ప్రింగు తరువాతి తూటాను పైకెత్తు లోపలనే స్లైడు దాని మీదుగా జారిపోవును. ఇచ్చట తప్పు ఎదురుదెబ్బ స్ప్రింగుదా, మాగజీను స్ప్రింగుదా యని విచారింపవలసి యుండును. వేరొక మంచి మాగజీనును పెట్టి చూచినచో సంగతి తేలును.

ఈ గుర్తులలో ఏ యొక్కటి కనబడినను వెంటనే స్ప్రింగును నిందింపరాదు. గట్టిపడిన పాత నూనెయు, పొగమసియు స్లైడును పట్టి ఆపును. .22 తూటాలు సీసమును, మైనమును విడుచుటచే క్రీడా పిస్తోలులలో ఇది మరింత హెచ్చు. బలము తక్కువ తూటాయు, అంచు వంగిన మాగజీనును, సడలిన మణికట్టును ఇట్టి చిక్కులే పుట్టించును. కావున మొదట శుభ్రము చేయుడు. పిమ్మట మాగజీను మార్చుడు. పిమ్మట తూటా రకమును మార్చుడు. అప్పటికిని గుర్తు పోనిచో స్ప్రింగు చెంతకు రండు. వైద్యుడు జ్వరమును జూచి కారణమును వెదకు క్రమము వంటిదే ఇదియు.

పరీక్షకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. దానిని ఎన్నిమార్లు చెప్పినను హెచ్చు కాదు. పిస్తోలును ఖాళీ చేయవలెను. ముందు మాగజీనును ఊడదీయవలెను; ఆ పిమ్మటనే స్లైడును వెనుకకు లాగి గదిలోని తూటాను వెలికి తీయవలెను. ఈ వరుస తప్పి, ముందు స్లైడును లాగి తరువాత మాగజీను తీసినచో, ఒక తూటా బయటపడి మరియొక తూటా గదిలో చేరును. “ఖాళీ పిస్తోలే కదా” యన్న మాటతో జరిగిన ఘోరములు పెక్కు ఇట్లు జరిగినవే. కన్నుతో చూచి, చిటికెనవ్రేలు పెట్టి గది ఖాళీయని నిశ్చయించుకొనవలెను. తూటాలను వేరొక గదిలో నుంచవలెను. పిల్లలు దాపుల నుండరాదు. అంతటనైనను గొట్టమును మనుష్యులున్న దిక్కునకు త్రిప్పరాదు.

అటుపై ఒక చిన్న పరీక్ష. గొట్టమును కొంచెము పైకెత్తి పట్టి, స్లైడును వెనుకకు లాగి, చేయి వదలక మెల్లమెల్లగా ముందునకు రానీయవలెను. మంచి స్ప్రింగైనచో చివరి గడియవరకు స్లైడును తానే తీసికొనిపోయి మూయును. అలసినదైనచో కొసకు రాకమునుపే ఆగిపోవును. పిస్తోలును విప్పిన తరువాత పాత స్ప్రింగును అదే నమూనా క్రొత్త స్ప్రింగు ప్రక్కన నిలిపి చూడవలెను. 1911 నమూనా స్ప్రింగు క్రొత్తదానికంటె అరంగుళము పొట్టిపడినచో దాని పని తీరినదని ఆర్మరర్లు లెక్కింతురు. అయితే క్రొత్త స్ప్రింగు కూడ మొదటి కొద్ది తూటాలకు రవ్వంత కుదించుకొని అచ్చట స్థిరపడును. దానికి కలవరపడ నక్కరలేదు. గాజు పలక మీద దొర్లించినచో వంకర తెలియును. చుట్ల మీద రాపిడికి చదునైన మెరుపు మచ్చలును, సూదిమొన వంటి తుప్పు గుంటలును కలవేమో వెలుతురున చూడవలెను.

ఈ తుప్పు మాట సూళ్లూరుపేటవారు ప్రత్యేకముగా వినవలసినది. పులికాటు ఉప్పునీటి సరస్సు. ఆ వెనుక సముద్రము. గాలిలో ఉప్పు, తేమ రెండును హెచ్చు. కిటికీ కమ్మీలు ఎంత త్వరగా తుప్పు పట్టునో గృహిణులకు తెలియును. తుప్పు తిన్న ప్రతి గుంటయు స్ప్రింగులో పగులునకు పుట్టినిల్లు. లైసెన్సుదారుడు ఏడాదిలో పేల్చు తూటాలు కొద్ది. అతని పిస్తోలు వేల సంఖ్య కెన్నడును చేరకపోవచ్చును. అట్టివానికి శత్రువు తూటాల లెక్క కాదు, బీరువాలోని తేమ. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి మరచుట మరింత హాని; తోలు చెమ్మను పట్టి యుంచును. ఎన్నికల వేళ ఆయుధములను ఠాణాలో అప్పగింపవలసి వచ్చుట కలదు. తిరిగి తెచ్చుకొనిన దినముననే విప్పించి, తుడిపించి, స్ప్రింగును చూపించుట మంచి అలవాటు. పలుచని నూనె పూత చాలును. కారునంత నూనె దుమ్మును పట్టును.

మార్చు విధము. ఆయుధముల మరమ్మతును 1959 నాటి ఆయుధ చట్టము లైసెన్సు గలవారికే విడిచినది. కావున పౌరులు లైసెన్సుగల తుపాకుల వ్యాపారి చెంతనున్న పనివానిచేతను, జవానులు తమ దళపు ఆర్మరరుచేతను మార్పించుకొనవలెను. మనము ఎదుట నిలిచి చూడవలసినవి కొన్ని కలవు. పిస్తోలు నమూనాకు సరిపడు స్ప్రింగే పెట్టుచున్నాడా? ఒక కొన బిగువుగా చుట్టిన స్ప్రింగైనచో ఆ కొన సరియైన దిక్కున చేరినదా? 1911 వంటి పిస్తోలులలో స్ప్రింగు కొసనున్న మూత బొటనవ్రేలి క్రిందినుండి జారినచో ఇంటికప్పువరకు ఎగురును. కంటికి తగిలినచో కన్నే పోవచ్చును. కండ్లద్దములు పెట్టుకొన్న పనివాడు తెలివిగలవాడు. స్లైడును మూయు బలము పెరుగుటచే, కొన్ని పిస్తోలులలో సూది స్ప్రింగును కూడ దానితోపాటే మార్చుట వాడుక. మూసికొను కుదుపునకు సూది తనంతట ముందునకు దూకకుండుటకై. తీసిన పాత స్ప్రింగును క్రొత్తవానిలో కలియకుండ వెంటనే త్రుంచివేయవలెను. పిమ్మట ఖాళీ పిస్తోలు స్లైడును పదిమార్లు ఆడించి, పేల్చు మైదానమున మొదట రెండు తూటాలతోను, తరువాత నిండు మాగజీనుతోను పరీక్షింపవలెను.

ఇచ్చట రెండు తప్పులు తరచుగా జరుగుచుండును. ట్రాన్సిస్టరు రేడియోలో బ్యాటరీకి ఆనుకొను స్ప్రింగు వదులైనచో మనము వ్రేలితో లాగి సాగదీయుదుము. రేడియో మరల పలుకును. అచ్చట స్ప్రింగు పని ఊరక ఆని యుండుట. పిస్తోలు స్ప్రింగును అట్లు సాగదీసినచో పొడవు వచ్చును గాని బలము రాదు. కొద్ది తూటాలకే మరల కుంగును. రెండవ తప్పు, “బలమైనది మరింత మంచిది” యని గట్టి స్ప్రింగును పెట్టించుట. 1911 పిస్తోలునకు సాధారణమైనది 16 పౌనులది, అనగా సుమారు ఏడుంబావు కిలోలు. అంతకు చాల మించినదానిని పెట్టినచో స్లైడు వెనుకకు పూర్తిగా పోలేదు. ఖాళీ తొడుగు బయటపడక స్లైడు నోట చిక్కుకొనును. తరువాతి తూటా ముక్కు క్రిందికి వ్రాలును. తలుపునకు మరీ బిగువు స్ప్రింగు బిగించినచో మనిషి లోనికే పోలేడు కదా!

కడపట ఒక్క మాట. ఈ స్ప్రింగు ఖరీదు పిస్తోలు ఖరీదులో అత్యల్పము. కాని దాని అలసటను లెక్కచేయనిచో పగులునది ఖరీదైన చట్రము. అవసరమునకు పలుకక చెడునది మనిషి నమ్మకము. కావున లైసెన్సు పుస్తకముతోపాటు ఒక చిన్న నోటుపుస్తకమును ఉంచుడు. పేల్చిన ప్రతి తూటాను, శుభ్రము చేసిన ప్రతి దినమును, స్ప్రింగు మార్చిన తేదీని అందు వ్రాయుడు. విరుగువరకు వేచియుండక, లెక్క చేరిన నాడే మార్పించుడు. మన తాతలు గడియారమునకు కీ యిచ్చిన దినమును గోడ మీద సుద్దతో గీచి గుర్తుంచుకొనెడివారు. ఆపాటి శ్రద్ధ ఈ స్ప్రింగునకును చాలును.